పంటికి అతుకు

విరిగిన ముందుపన్ను మీదో, పళ్ళ సందులోనో పంటి రంగు రెసిన్ ముద్ద పెట్టి, ఆకారం దిద్ది, నీలికాంతితో గట్టిపరచడాన్ని డెంటల్ బాండింగ్ అంటారు. నిత్యం తడిగా ఉండే నోట్లో, నున్నటి ఎనామిల్‌కు ఏదీ ఒక పట్టాన అంటుకోదు. ఈ విద్య చరిత్ర అంతా ఆ చిక్కు విప్పిన చరిత్రే.

పూర్వం దంతవైద్యులు పన్నును తొలిచి, అడుగున వెడల్పుగా గుంట చేసి, నింపింది ఊడిరాకుండా బిగించేవారు. దానికోసం బాగున్న పన్నూ కొంత పోయేది. ముందుపళ్ళకు వాడిన సిలికేట్ సిమెంటు రంగులో కలిసిపోయినా లాలాజలంలో మెల్లగా కరిగిపోయేది. హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళకు పలుచని తొడుగులు చేసి, కట్టుడుపళ్ళ పొడితో అంటించేవాడు. అవి షూటింగ్ అయ్యేవరకే నిలిచేవి.

అసలు మలుపు 1955లో వచ్చింది. అమెరికాలోని రోచెస్టర్‌లో, ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో పనిచేసే మైకేల్ బ్యూనోకోర్‌కు పరిశ్రమల్లో లోహానికి రంగు వేసేముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని తెలుసు. అదే ఆమ్లాన్ని, 85 శాతం గాఢతతో, 30 సెకన్లు ఎనామిల్‌పై ఉంచాడు. ఆ తర్వాత వేసిన ఆక్రిలిక్ చుక్క మామూలు పంటి మీదకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలిచింది. పాత గోడకు గాట్లు పెట్టి ప్లాస్టరింగ్ చేసినట్టే ఇదీ: ఆమ్లం తెరిచిన సూక్ష్మరంధ్రాల్లోకి రెసిన్ దిగి, అక్కడే బిగుసుకుంటుంది. ఆధునిక దంతవైద్యంలో ఇంత చిన్న ప్రయోగం ఇంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భాలు అరుదు.

అయితే నాటి ఆక్రిలిక్ గట్టిపడుతూ కుంచించుకుపోయేది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రఫాయెల్ బోవెన్ బిస్-జిఎంఎ రెసిన్‌లో సిలికా పొడి కలిపి ఈ లోపాన్ని బాగా తగ్గించాడు. 1962లో పేటెంటు పొందాడు. రెసిన్, పొడి కలిసిన నేటి కాంపొజిట్లకు అదే మూలం. మొదట్లో రెండు ముద్దలు కలిపి, గట్టిపడేలోగా హడావుడిగా దిద్దాల్సి వచ్చేది. 1970ల్లో అతినీలలోహిత కాంతి, ఆ దశకం చివరికి నీలికాంతి వాడుకలోకి వచ్చాయి. దీపం వేసేదాకా ముద్ద మెత్తగానే ఉంటుంది కాబట్టి వైద్యుడికి తీరిక చిక్కింది. అందం దిద్దే పని నిజంగా సాధ్యమైంది అప్పుడే.

ఎనామిల్ కింది డెంటిన్‌లో నీరు, కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ కాబట్టి అక్కడ అతుకు ఆలస్యమైంది. 1979లో జపాన్‌కు చెందిన ఫుసయామా డెంటిన్‌కూ ఆమ్లం పూయవచ్చని చూపాడు. 1982లో నకబయాషి అనే పరిశోధకుడు, రెసిన్ కొల్లాజెన్ పోగుల మధ్యకు చొచ్చుకుపోయి ఏర్పరిచే మిశ్రమ పొరను వివరించాడు.