కాన్పు గదిలో మాట ఎవరిది? నర్సింగ్ నైతిక సూత్రాలు, నర్సులకు ఎదురయ్యే చిక్కులు

కరీంనగర్‌లో ఏదో ఒక కాన్పుల దవాఖాన అనుకుందాం. నొప్పులు మొదలై ఆరు గంటలైంది. తల్లి నాడి, బీపీ, బిడ్డ గుండె చప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంకాసేపు ఓర్చుకుంటానని తల్లి అంటోంది. బయట అత్తగారు మాత్రం "ఎంతసేపు చూస్తరమ్మా, ఆపరేషన్ చేసెయ్యమను" అని తొందర పెడుతున్నారు. భర్త దుబాయ్‌లో ఉన్నాడు, ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సంతకం పెట్టడానికి మామగారు రెడీగా ఉన్నారు. ఫారం చేతిలో పట్టుకుని వీళ్లందరి మధ్య నిలబడేది నర్సు.

నర్సింగ్ నైతికత అనే సబ్జెక్టు అసలు ముఖం ఇదే. వైద్యంలో నాలుగు సూత్రాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. బీచమ్, చైల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1979లో రాసిన పుస్తకంతో ఇవి బాగా ప్రచారమయ్యాయి. తన శరీరం గురించి రోగి తానే నిర్ణయించుకోవడం, రోగికి మేలు చేయడం, హాని చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడటం. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లోనే తన నియమావళిని ఆమోదించి, 2021లో తాజాగా సవరించింది. మన దేశంలో 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పుస్తకంలో ఈ నాలుగు సూత్రాలు పక్కపక్కనే చక్కగా కూర్చుంటాయి. వార్డులోకి వస్తే ఒకదానితో ఒకటి తగాదా పడతాయి.

కరీంనగర్‌లో ఆ తగాదా ఎక్కువగా పెద్దాపరేషన్ దగ్గరే కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. తెలంగాణలో 60.7 శాతం, రాష్ట్రాలన్నింటిలోకీ ఎక్కువ. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. కరీంనగర్ జిల్లాలో మొత్తం మీదే 80 శాతం దాటింది. అదే ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో అందులో సగం కూడా లేదు. జనాభా మొత్తం మీద చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ముహూర్తం చూసి కోయించుకోవడం మన ఇళ్లలో లేదు కదా అని చాలామంది అనుకుంటారు. కానీ నొప్పుల భయం, తొందర, "పక్కింటామెకూ అదే చేశారు" అనే మాట అన్ని ఇళ్లలోనూ ఉన్నాయి.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నం కూడా కరీంనగర్‌లోనే మొదలైంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్ జిల్లా ఆస్పత్రిలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించాయి. తల్లి పక్కన ఉండటం, నడిపించడం, ఓపిగ్గా చూడటం, ప్రమాదం కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను పిలవడం ఈ నర్సుల పని. ఈ చివరిది చాలా ముఖ్యం. సాధారణ కాన్పు మంచిదే, కానీ బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు పట్టుదలకు పోతే అది హాని. సాధారణ కాన్పులకు సిబ్బందికి ప్రోత్సాహకం ఇచ్చినా, ఆపరేషన్‌కు ఎక్కువ బిల్లు వచ్చినా, డబ్బు ఏ వైపు లాగుతున్నా నర్సు చూడాల్సింది తల్లీబిడ్డల పరిస్థితినే.

ఇక సంతకం సంగతి. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, బయట కూర్చున్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తొలగించారు. తెలివి వచ్చాక తనే నిర్ణయించుకోగల వయోజనురాలికి బదులుగా తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చి, రోగి చెప్పలేని స్థితిలో ఉంటే అనుమతి కోసం ఆగనక్కర్లేదు. మిగతా అన్ని సమయాల్లో వయోజన స్త్రీ సంతకం ఆమెదే. భర్త సంతకం లేకపోతే ఆపరేషన్ కుదరదని చెప్పే చట్టం ఏదీ లేదు. అది ఆస్పత్రులు తమ రక్షణ కోసం పెట్టుకున్న అలవాటు. ఇంటి పెద్దలతో సలహా చేయడం మంచి పద్ధతే, దాన్ని ఎవరూ కాదనరు. అయితే సలహా వేరు, సంతకం వేరు.

సంతకం పెట్టించినంత మాత్రాన అనుమతి అయిపోదు. అర్థమయ్యేలా చెప్పాలి. ఆదిలాబాద్‌లో అసలు కష్టం అక్కడుంది. రిమ్స్ ఆస్పత్రికి వచ్చేవారిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామీ, లంబాడీ మాట్లాడేవాళ్లు ఉంటారు. ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చిన గోండు తల్లికి తెలుగు ఫారం చదివి వినిపిస్తే ఏం లాభం? అప్పుడు పక్కనున్న బంధువే తర్జుమా చేస్తాడు. "గర్భసంచి తీసేస్తారు" అన్నది అతని నోట "చిన్న ఆపరేషన్" అవుతుంది. మన ఇళ్లలోనూ ఉర్దూ తప్ప తెలుగు సరిగ్గా రాని నానీలు, దాదీలు ఉన్నారు. మనవడు మధ్యలో చెబితే సగమే చేరుతుంది. రోగి తన మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే అర్థమైనట్టు. అడిగి చూడటానికి నర్సుకు రెండు నిమిషాలు చాలు, కానీ రద్దీ వార్డులో ఆ రెండు నిమిషాలే దొరకవు.

రోజా విషయం మరో చిక్కు. షుగర్ ఉన్న గర్భిణి ఉపవాసం ఉంటానంటుంది, కొందరు నర్సుకు చెప్పకుండానే ఉంటారు. కోప్పడితే రేపటి నుంచి అబద్ధం చెబుతారు. షుగర్ పడిపోతే కనిపించే లక్షణాలు, ఇన్సులిన్ వేళలు, ఏ స్థితిలో రోజా విడవాలో వివరించడం నర్సు బాధ్యత. రోగులకు, గర్భిణులకు షరియత్‌లో సడలింపు ఉంది, తర్వాత ఖజా చేసుకోవచ్చు. ఆ మాట నర్సు కంటే ఇంట్లోవాళ్లు చెబితేనే బాగా చెల్లుతుంది.

గోప్యత గురించి కరీంనగర్‌కు వేరే చెప్పనక్కర్లేదు. 2020 మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన ప్రచారకుల బృందంలో పలువురికి కొవిడ్ తేలినప్పుడు ముకరంపుర ప్రాంతంలో వైద్య సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. ఎవరు ఎవరిని కలిశారో అధికారులకు తెలియడం అవసరమే. వాట్సాప్ గ్రూపులకు తెలియడం అవసరం కాదు. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం మరీ స్పష్టం: అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. మన పెద్దలు అమానత్ అనే మాట వాడతారు, రోగి రహస్యం అలాంటిదే.

డాక్టర్ ఆర్డర్ తప్పనిపిస్తే? ముందు డాక్టర్‌నే అడగాలి. తర్వాత ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు, ఆపై నర్సింగ్ సూపరింటెండెంట్‌కు చెప్పాలి. జరిగింది జరిగినట్టు టైమ్ వేసి నర్సు నోట్స్‌లో రాయాలి. కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్న పాతికేళ్ల సిస్టర్‌కు ఇది రాసినంత తేలిక కాదు, జీతం ఆగుతుందన్న భయం ఉంటుంది. అందుకే కుటుంబం నుంచి వచ్చే ప్రశ్న ఆమెకు కూడా బలమిస్తుంది. ఆపరేషన్ ఎందుకు, ఆగితే ఏమవుతుంది, బిడ్డ గుండె చప్పుడు ఎంతుంది అని అడగవచ్చు. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉంచుకునే వీలు ప్రభుత్వ ఆస్పత్రుల మార్గదర్శకాల్లో ఉంది. మహిళా సిబ్బందే పరీక్షించాలని, పర్దా పాటించాలని కోరుకునేవారు నొప్పులు వచ్చాక కాకుండా, నెలవారీ చెకప్‌లోనే సిస్టర్‌కు చెప్పి కేస్‌షీట్‌లో రాయించుకుంటే పని సులువవుతుంది.