లోపము – నాశనము

తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో మా మనుమడు చదువుతున్నాడు. సెలవులకు ఏలూరు వచ్చినప్పుడు ఒక సాయంత్రం, "తాతగారూ, డేటాబేసులో ఒక వరుసను తొలగించమన్న మరుక్షణం అది పోదు. తొలగించవలసినదని గుర్తు మాత్రమే పడుతుంది" అన్నాడు. నాకు వెంటనే మా వ్యాకరణంలోని లోపమూ, పాత కరణాల లెక్కలూ స్ఫురించాయి.

వాడు చెప్పిన విషయం ఇది. పట్టికలలోని వరుసలను ప్రోగ్రాములో వస్తువులుగా చూపించే మధ్యవర్తిని ఓ.ఆర్.ఎమ్. అంటారు. 2001లో వచ్చిన హైబర్నేట్, 2008లో వచ్చిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ ఈ కోవకు చెందినవి. రెండవది ప్రతి వస్తువుకూ ఐదు అవస్థలలో ఒకదానిని ఆపాదిస్తుంది: కొత్తగా చేరినది, మారనిది, మారినది, తొలగింపుకు గుర్తించినది, లెక్కలో లేనిది. భద్రపరచమన్న ఆజ్ఞ వెలువడినప్పుడే ఈ గుర్తులను చూసి అసలు పట్టికను సవరిస్తుంది. నడుమ ఎక్కడ పొరపాటు జరిగినా అన్ని మార్పులూ కలిసి వెనక్కు పోతాయి.

మన గ్రామ లెక్కలు నడచిన తీరూ ఇంచుమించు ఇదే. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు వేశారో కరణం ఏడాది పొడుగునా అడంగలులో వ్రాసుకొనేవాడు. పట్టాదారు మారితే పాత పేరును రుద్ది చెరపడు. గీత కొట్టి, ప్రక్కన కొత్త పేరు వ్రాస్తాడు. నంబరు చీలితే బారు ఒకటి, బారు రెండు అని వ్రాయడమే గాని తల్లి నంబరు మాయం కాదు. జూలై మొదటి తేదీన ఆరంభమయ్యే ఫసలీ సంవత్సరపు లెక్కలను జమాబందీలో పై అధికారులు పరిశీలించి ముగించేవారు. అంతవరకూ అవి కరణం వ్రాతలే. ఆ తరువాతనే సర్కారు లెక్కలు. 1984 జనవరిలో నాటి ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పదవులు పోయాయి గాని పుస్తకాలు మిగిలాయి.

తొలగింపులో అసలు చిక్కు మరొకటి ఉన్నదని మనుమడు చెప్పాడు. ఒక వరుసను ఆనుకొని పిల్లవరుసలు ఉంటే మూడు దారులున్నవి: వాటినీ కలిపి తొలగించడం, వాటి బంధం తెంచి విడిచిపెట్టడం, పిల్లలుండగా తల్లిని తొలగించనని నిరాకరించడం. ఏ దారి పట్టాలో ముందే నిర్ణయించుకోకపోతే అనాథ వరుసలు మిగులుతాయి.

ఈ మాట వినగానే నా మనసు కొల్లేటికి పోయింది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ఈ సరస్సు ఉప్పుటేరు ద్వారా సముద్రాన్ని చేరుతుంది. 1999 అక్టోబరు 4న జి.ఓ. 120 ద్వారా ఐదవ కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లకు పైగా, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. కాగితంపై అది ఒక్క గీత. కాని ఆ గీత లోపల ఊళ్ళున్నవి, జాలరుల సొసైటీలున్నవి, సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూములున్నవి. అవన్నీ పిల్లవరుసలే. అభయారణ్యం ఏర్పరచేటప్పుడు లోపలివారి హక్కులను విచారించి పరిహారం తేల్చాలని 1972 నాటి చట్టమే చెబుతున్నది.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. నీటికి దారి దొరికింది. అది అవసరమైన పనే. కాని ఆ చెరువులను ఆనుకొని బ్రతికినవారి గతి ఏమిటన్న ప్రశ్న తేలలేదు. తేలని ప్రశ్న నేలలో విత్తనంలా ఉంటుంది. తెగిన గట్లు అనేకచోట్ల మళ్ళీ లేచాయి. 2008లో హద్దును మూడవ కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. అయితే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యపు హద్దు మారదు. ఆ తీర్మానం 'మారినది' అన్న గుర్తు దగ్గరనే ఆగింది; భద్రపరచబడలేదు. కొందరు రైతులు మాత్రం హద్దు మారినట్లే ఆశపడ్డారు.

పాణిని దృష్టిలో లోపమంటే కనబడకపోవడమే గాని నశించడం కాదు. ప్రత్యయం లోపించినా దాని కార్యం జరుగుతూనే ఉంటుంది. 'రాముడతడు' అన్నప్పుడు ఉకారం వినబడదు. పదాలను విడదీస్తే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. కొల్లేటిలో చెరువులు లోపించాయి గాని నశించలేదు. వాటిని నిలబెట్టిన అవసరాలూ, అప్పులూ, ఆశలూ ఎవరి పట్టికలోనూ గుర్తింపబడలేదు గదా!

తొలగించవలసినవి ఉంటాయి. సరస్సు బ్రతకాలంటే కొన్ని గట్లు పోవలసినదే. కాని గీత కొట్టే చేయి ముందుగా దాని క్రింద ఎవరున్నారో లెక్కపెట్టాలి. మా మనుమడు రేపు ఏ కార్యాలయానికి ప్రోగ్రాము వ్రాసినా ఈ ఒక్క సంగతి మరువకుంటే చాలునని నా కోరిక.

కొల్లేటి లంకల పాత లెక్కలను, గట్లు తెగిన రోజులను ఎరిగిన మిత్రులు తమ జ్ఞాపకాలను పంచుకొంటే సంతోషిస్తాను.