చంటిబిడ్డ నుంచి ఎదిగే పిల్ల దాకా: కడప మెట్టసీమలో ఐసీడీఎస్ యాభై ఏళ్లు

దేశం మొత్తం మీద 33 బ్లాకులలో 1975 అక్టోబరు 2న ప్రయోగంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి, అంటే ఊళ్లలో అందరూ ఐసీడీఎస్ అని పిలిచే వ్యవస్థకు, 2025 అక్టోబరు 2తో యాభై ఏళ్లు నిండాయి. వెనుకబడిన ప్రాంతాలకూ, కరవు పీడిత ప్రాంతాలకూ, గిరిజన ప్రాంతాలకూ ఎంపికలో ప్రాధాన్యం ఇచ్చినందువల్ల, ఆ తొలి 33 బ్లాకులలో రాయలసీమ నుంచి అనంతపురం జిల్లా కంబదూరుకు చోటు దక్కింది. కమలాపురం వంటి మెట్ట మండలం నుంచి ఈ యాభై ఏళ్ల చరిత్రను పరిశీలించినప్పుడు, ఐసీడీఎస్‌ను చంటిబిడ్డకు గుడ్డూ పాలూ అందించిన పథకంగా మాత్రమే చూడటం సరిపోదు. పేద కుటుంబం చెదిరిపోకుండా, ఆ ఇంటి పెద్దపిల్లలు బడి విడిచి పనిలోకి జారకుండా కాచిన తొలి వ్యవస్థగా కూడా దానిని గుర్తించవలసి ఉంటుంది. అదే చూపుతో చూస్తే, పదకొండేళ్లు దాటిన పిల్లలకు అది ఇంకా తీర్చవలసిన బాకీ కూడా కనబడుతుంది.

కమలాపురం, పాపాఘ్ని నది పెన్నలో కలిసే చోటికి దగ్గరగా, గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గం మీద ఉన్న ఊరు. నదులు రెండు ఉన్నా ఏడాదిలో చాలా కాలం వాటిలో ఇసుకే కనబడుతుంది కాబట్టి, చుట్టుపక్కల పల్లెల్లో శనగ, పొద్దుతిరుగుడు వంటి మెట్టపంటలు పదునైన వాన ఒకటి రెండు తప్పితే చేతికి రావు. పడమటి వైపు ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాయి గనులూ, బండల పాలిష్ యంత్రాలూ, సిమెంటు కర్మాగారాలూ కొంత పని చూపించాయి గాని, కూలి కుటుంబానికి పన్నెండు నెలలూ నమ్మకమైన పని దొరికే పరిస్థితి సీమలో ఏనాడూ లేదు. వాన తప్పిన ఏడు అప్పు పెరుగుతుంది, అప్పు పెరిగిన ఇంట్లో పెద్దలు ఊరు విడుస్తారు, లేదా పిల్లల చేతులు కూడా పనిలోకి వస్తాయి. బడి మానే, బాల్యంలోనే కూలికి చేరే, చిన్న వయసులో పెళ్లి అయ్యే, తల్లిదండ్రుల ఆసరా లేకుండా పెరిగే, ఊరి కక్షల్లో చిక్కుకునే అవకాశం మిగతావారి కంటే ఎక్కువగా ఉన్న పిల్లలను సంక్షేమ శాఖల పరిభాషలో ప్రమాదపుటంచున ఉన్న బాలలు అంటారు. మెట్టసీమలో ఆ అంచు చాలాసార్లు వాన లెక్కతోనే నిర్ణయమవుతుంది.

ఐసీడీఎస్ వంటి వ్యవస్థకు మూలరూపం తెలుగునేల మీద చాలా కాలంగా ఉన్నదే. రాజమండ్రిలో 1909లో పుట్టి, మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. గ్రామాల్లో స్త్రీల చదువు, చేతిపని శిక్షణ, ప్రసూతి సేవ, పసిపిల్లల బాలవాడీ అన్నీ ఒకే చోట అందాలన్న ఆమె ఆలోచన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టుల రూపంలో 1954 నుంచి అమలైంది. పిల్లను తల్లి నుంచీ, తల్లిని ఇంటి సంపాదన నుంచీ విడదీసి ఉద్ధరించలేమన్న ఎరుక ఆ ప్రాజెక్టులలోనే ఉంది. కాని అవి స్వచ్ఛంద సంస్థల ఓపిక మీదా, గ్రాంటుల మీదా నడిచినందువల్ల, సంస్థలు పలచగా ఉన్న కడప, కర్నూలు పల్లెలకు వాటి మేలు తక్కువగా అందింది.

జాతీయ బాలల విధానాన్ని 1974లో ప్రకటించిన మరుసటి ఏడాది వచ్చిన ఐసీడీఎస్ ఆ లోటును ప్రభుత్వ బాధ్యతగా మార్చింది. అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రికి పంపడం, ఆరేళ్ల లోపు పిల్లలకు బడికి ముందటి చదువు, స్త్రీలకు పోషణ, ఆరోగ్య విషయాల బోధన అనే ఆరు సేవలను ఒకే కప్పు కిందికి తెచ్చి, ఆ కప్పుకు అంగన్‌వాడీ కేంద్రం అని పేరు పెట్టారు. సుమారు వెయ్యి మంది జనాభాకు ఒక కేంద్రం అన్నది మొదటి ప్రమాణం. కేంద్రానికి ఒక కార్యకర్త, ఒక ఆయా, వారి మీద పర్యవేక్షకురాలు, ప్రాజెక్టు మొత్తానికి సీడీపీఓ అనే శిశు అభివృద్ధి పథకం అధికారి ఉంటారు. ఈ నిర్మాణంలో అన్నిటికంటే విలువైన నిర్ణయం, కార్యకర్త అదే ఊరి స్త్రీ కావాలన్న నియమం. బాలింత ఏ వీధిలో ఉందో, ఏ ఇంట్లో తండ్రి తాగి పడుకుంటాడో, ఏ ఇంటివాళ్లు ఈ నెల పొయ్యి సరిగా వెలిగించలేదో, ఎవరూ చెప్పకముందే ఆ ఊరి మనిషికి తెలుస్తుంది. ఏ సర్వే కాగితమూ ఆ తెలివిడికి సాటి రాదు.

అంగన్‌వాడీ ప్రభావాన్ని లెక్కించేటప్పుడు సాధారణంగా పసిబిడ్డ బరువునూ ఎత్తునూ చూస్తారు గాని, ఆ బిడ్డ అక్కను చూడరు. తల్లిదండ్రులు ఇద్దరూ కలుపు తీయడానికో, చెనక్కాయలు పీకడానికో పోయే ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకుని తిరిగే పని ఎనిమిదేళ్ల ఆడపిల్లకు పడుతుంది. ఆ ఏడు ఆమె బడికి అప్పుడప్పుడు వస్తుంది, మరుసటి ఏడు రాదు, పదేళ్లకు తల్లితో పాటు చేనికి పోతుంది, పదిహేను దాటకముందే పెళ్లి మాట వస్తుంది. ఊరి నడుమ ఒక గది తెరిచి, చంటిబిడ్డను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూసుకునే మనిషిని పెట్టడం వల్ల ఈ వరుసలోని మొదటి మెట్టు తొలగిపోతుంది. అందువల్ల ఎదిగే పిల్లలను కాపాడే పని ఎదిగిన తరవాత మొదలుకాదనీ, ఇంట్లో అందరికంటే చిన్నవాడి దగ్గర మొదలవుతుందనీ ఈ పథకం ఆచరణలో చూపించింది. కేంద్రం పనివేళలు కూలి వేళలతో సరిపోని పల్లెల్లో ఈ మేలు సగమే అందింది. పూర్తికాలపు పసిబిడ్డల సంరక్షణ కేంద్రాలు, అంటే క్రెష్‌లు, సీమ పల్లెలకు ఈనాటికీ అరుదే.

పథకం మొదటి పాతికేళ్లూ నిధుల కొరతతో నెమ్మదిగానే విస్తరించింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించడం, 2006 డిసెంబరు 13న కేంద్రాల సంఖ్యను పద్నాలుగు లక్షలకు పెంచమని చెప్పడంతో దళితవాడలకూ, తండాలకూ కేంద్రాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు 257 ప్రాజెక్టుల కింద 55 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. గర్భిణులకూ బాలింతలకూ కేంద్రంలోనే వేడి అన్నం, గుడ్డు, పాలతో ఒక పూట నిండు భోజనం పెట్టే ఏర్పాటు 2013లో మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ కొన్నేళ్లు కొనసాగింది. ఇంటికి రేషన్‌గా ఇస్తే అందరి నోళ్లకూ పంచబడే తిండి, కేంద్రంలో కూర్చుని తింటే తల్లి కడుపుకే చేరుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగిన ఎత్తు లేనివారు, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. తిండి ఒక్కటే మార్చగలిగిన సంగతి కాదని ఈ అంకెలు చెబుతాయి.

ఆరేళ్లు నిండిన బిడ్డ అంగన్‌వాడీ రిజిస్టరు నుంచి తప్పుకుని బడి రిజిస్టరుకు చేరుతుంది. చేరకపోయినా, చేరి మానుకున్నా పట్టించుకునే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సీమలో ఐసీడీఎస్ వెలుపలి నుంచి మూడు దారుల్లో జవాబులు వచ్చాయి. మొదటిది కర్నూలు జిల్లా పత్తి విత్తన పొలాలది. సంకర విత్తనం కోసం ఒక్కొక్క పువ్వునూ చేత్తో విప్పి పుప్పొడి అంటించే పనిని క్రాసింగ్ అంటారు. పొట్టి మొక్కలకు చిన్న చేతులు అనువని చెప్పి ఆ పనికి ఎక్కువగా బాలికలనే పెట్టేవారు. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టి బాలలను బడికి మళ్లించిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తన పనిని ఆ విత్తన పల్లెలకూ విస్తరించింది. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్నది ఆ సంస్థ పట్టు. చదువు తప్పిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు పద్ధతి ఆ సంస్థ ద్వారానే బాగా ప్రాచుర్యం పొంది, తరవాత ప్రభుత్వ కార్యక్రమాల్లోకీ వచ్చింది. పేద తల్లిదండ్రులకు చదువంటే ఇష్టం లేదన్న పాత మాటను ఆ అనుభవం పూర్తిగా కొట్టివేసింది.

రెండవది వలసకు సంబంధించినది. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కదిలిపోవడాన్ని అక్కడివాళ్లు సుగ్గికి పోవడం అంటారు. పిల్లలను వెంట తీసుకుపోతే బడి పోతుంది, ఊళ్లో వదిలితే చూసే దిక్కుండదు. వలస నెలల్లో బడి ఆవరణలోనే పిల్లలకు తిండీ పడకా చూసే సీజనల్ హాస్టళ్లు ఈ చిక్కుకు వచ్చిన పరిష్కారం. పిల్లవాణ్ణి ఊరి నుంచి దూరం చేయకుండా, తల్లిదండ్రుల కూలిని ఆపకుండా, బడిని నిలబెట్టే ఈ పద్ధతి ఖర్చుకు చిన్నదైనా ఫలితానికి పెద్దది. మూడవది కర్నూలు జిల్లా ఓర్వకల్లు మహిళలది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో వచ్చిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం కింద పొదుపు సంఘాలుగా కూడిన అక్కడి స్త్రీలు, ఇంటి అప్పు తగ్గితేనే పిల్ల పని మానుతుందని గ్రహించి, పొదుపు డబ్బును పిల్లల చదువుతో ముడిపెట్టారు. తమ సమాఖ్య తరఫున బాలభారతి పేరుతో బడినే నడిపారు.

కడప జిల్లాకు వీటికి తోడు మరొక ప్రత్యేకత ఉంది. పాత జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి స్త్రీలు ఇంటిపనులకు కువైట్ పోవడం దశాబ్దాలుగా సాగుతోంది. ఆ తల్లుల పిల్లలు అవ్వల దగ్గరో, జేజిల దగ్గరో పెరుగుతారు. నెల నెలా డబ్బు వచ్చినా, పద్నాలుగేళ్ల కొడుకు ఏ తోవలో పోతున్నాడో, కూతురు బడికి ఎందుకు పోనంటోందో కనిపెట్టే ఓపిక ముసలి కళ్లకు ఉండదు. ఇలాంటి పిల్లలను పేదల జాబితాలు పట్టుకోలేవు, ఎందుకంటే వారి ఇంట్లో కొరత డబ్బుది కాదు.

ప్రమాదపుటంచున ఉన్న బాలల కోసం ఏర్పరచిన చట్టాలూ పథకాలూ లేకపోలేదు. 2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం ఇప్పుడు మిషన్ వాత్సల్యగా నడుస్తూ, జిల్లాకు ఒక బాలల పరిరక్షణ యూనిట్‌ను నిలిపింది. తల్లి వితంతువైన ఇంట్లో, బంధువుల దగ్గర పెరిగే అనాథ విషయంలో, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్నప్పుడు, బిడ్డను హోముకు పంపకుండా ఇంట్లోనే పెంచడానికి నెలకు 4,000 రూపాయలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ దీనిలో ఉంది. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలకు మించకూడదన్నది నిబంధన. బిడ్డను ఇల్లు దాటించకుండా ఇంటినే ఆదుకునే ఈ ఏర్పాటు అన్ని పథకాల్లోకీ వివేకమైనది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద ఐసీడీఎస్ అధికారులకూ పెళ్లిళ్లను ఆపే బాధ్యత ఉంది. ఆ బాధ్యత ఎంత బరువైనదో ఒక అంకె చెబుతుంది: పైన చెప్పిన సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం.

ఎదిగే ఆడపిల్లల కోసం ఐసీడీఎస్‌లో కిశోరి శక్తి యోజన 2000లో, సబల 2010లో వచ్చాయి. సబల కొన్ని ఎంపిక చేసిన జిల్లాలకే పరిమితమై, తరవాత బడి మానిన 11–14 ఏళ్ల వారికి కుదించుకుపోయింది. 2022 మార్గదర్శకాలు దానిని ఆకాంక్షిత జిల్లాలలోని 14–18 ఏళ్ల బాలికలకు మళ్లించాయి. వెనుకబాటును తగ్గించడానికి 2018లో కేంద్రం గుర్తించిన జిల్లాలను ఆకాంక్షిత జిల్లాలు అంటారు. రాష్ట్రంలో ఆనాడు ఎంపికైన మూడింటిలో కడప ఒకటి కాబట్టి, ఈ జిల్లా బాలికలకు ఆ అవకాశం ఉంది. మగపిల్లలకు ఐసీడీఎస్‌లో అలాంటిది ఏదీ లేదు. బడి మానిన పదహారేళ్ల కుర్రవాడు సీమలో ఎవరి లెక్కలోనూ లేకపోవడం పెద్ద లోపం, ఎందుకంటే కక్షలకూ, జూదానికీ, మద్యానికీ చేరువయ్యేది అతడే.

ఈ బరువంతా మోసిన స్త్రీలకు దక్కినది స్వల్పం. 1975లో మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు ఇచ్చి దానిని గౌరవ వేతనం అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు వచ్చాయి. వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు, వారి సేవను అత్యవసర సర్వీసుగా ప్రకటించి, అలాంటి సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. అత్యవసరమైన సేవ చేసేవారిని గౌరవ సేవకులని పిలవడంలోని అన్యాయం అప్పుడు అందరికీ తెలిసింది. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు అంతకుముందే, 2022 ఏప్రిల్ 25న తేల్చి చెప్పింది.

స్వర్ణోత్సవం జరుపుకునే కమలాపురం పరిసర గ్రామాలలో పంచాయతీ, బడి, పొదుపు సంఘం, అంగన్‌వాడీ కార్యకర్త కలిసి, 11 నుంచి 18 ఏళ్ల మధ్య బడికి దూరమైన ప్రతి బాలిక, ప్రతి బాలుడి పేరుతో ఒకే రిజిస్టరు తెరవాలి. ప్రతి నెలా దానిని పంచాయతీలో సరిచూడాలి. స్పాన్సర్‌షిప్‌కు అర్హమైన ఇంటికి దరఖాస్తు నింపి ఇవ్వాలి. నిర్ణయమైన బాల్యవివాహం గురించి గాని, పనిలో చిక్కుకున్న బిడ్డ గురించి గాని తెలిసినవారు 1098కు ఫోన్ చేయాలి. ఈ నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది, పిలుపుకు ఖర్చు లేదు.