చేను గట్టున కాడజెముడు – రెండు వేల ఏళ్ల కథ

ఈరోజు మందుల గురించి, రేట్ల గురించి కాదు. మన గట్ల మీద ఎవరూ పట్టించుకోకుండా నిలబడి ఉండే కాడజెముడు గురించి. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. నాగజెముడు వేరు, కాడజెముడు వేరు. నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టస్ జాతి, విరిస్తే పాలు రావు. కాడజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు వేరే కుటుంబం, గిల్లితే చాలు తెల్లటి పాలు కారతాయి. మన చేలల్లో కలుపుగా మొలిచే రెడ్డివారి నానబాలు కూడా వీటికి చుట్టమే. ఈ జాతిలో దాదాపు 2000 రకాలున్నాయి.

ఈ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు యూఫోర్బియా. ఆ పేరు ఒక వైద్యుడిది. ఇప్పటి మొరాకో, అల్జీరియా ప్రాంతాన్ని రెండు వేల ఏళ్ల కింద రెండవ జుబా అనే రాజు ఏలేవాడు. అట్లాస్ కొండల్లో దొరికిన ఒక పాలజెముడుకు తన వైద్యుడు యూఫోర్బస్ పేరు పెట్టాడు. ఆ పాలు ఎంత ఘాటంటే, దూరంగా నిలబడి పొడుగు కర్రతో గాటు పెట్టి, కింద మేకపిల్ల పొట్టతో చేసిన సంచిలో పట్టేవాళ్లని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే జాగ్రత్త అప్పటి నుంచే ఉంది.

మన కాడజెముడు పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ కూడా పశువుల దొడ్ల చుట్టూ కంచెగా నాటుతారు. అయితే దాని శాస్త్రీయ నామం మాత్రం మన దక్షిణాది మాట. కొచ్చిలో డచ్చివాళ్ల గవర్నరుగా చేసిన వాన్ రీడ్, మలబారు మొక్కల మీద 'హోర్టుస్ మలబారికుస్' అనే 12 సంపుటాల గ్రంథం రాయించాడు. 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. ఇట్టి అచ్యుతన్ లాంటి నాటు వైద్యులు చెప్పిన సంగతులే దానికి ఆధారం. అందులో ఈ మొక్క పేరు 'తిరుకల్లి'. 1753లో లిన్నేయస్ ఆ పేరే ఉంచి 'యూఫోర్బియా తిరుకల్లి' అన్నాడు.

తర్వాత కథ ఇంకా విచిత్రం. 1973లో పెట్రోలు ధరలు మండిపోయినప్పుడు, మొక్కలు గాలి నుంచి ఆహారం ఎలా చేసుకుంటాయో తేల్చి 1961లో నోబెల్ బహుమతి అందుకున్న మెల్విన్ కాల్విన్, పాలజెముడు పాల నుంచి నూనె తీయొచ్చు అన్నాడు. కాలిఫోర్నియాలో సాగు చేసి చూశాడు. 1980లలో పెట్రోలు ధర పడిపోగానే ఆ ఆలోచన మూలన పడింది. ఇది మనకూ పాఠమే. ఎవరైనా వచ్చి "ఈ మొక్క వేయండి, నూనెతో లక్షలు" అంటే, ముందు కొనేవాడెవడో అడగండి.

మరి కరువులో ఎలా బతుకుతుంది? ఆకులు చిన్నవి, త్వరగా రాలిపోతాయి. పచ్చటి కాడలే ఆకుల పని చేస్తాయి. ఆ కాడలు ఎక్కువగా రాత్రిపూట రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, పగటి ఎండలో మూసుకుంటాయి. అందుకే నీళ్లు ఆవిరై పోవు.

నాటడం తేలిక. అడుగు పొడవు కాడలు కోసి, పాలు ఆరేదాకా నీడలో వారం రోజులు ఉంచండి. పచ్చివి నాటితే కుళ్లుతాయి. తొలకరికి ముందు, అడుగుకొకటి, నాలుగు అంగుళాల లోతున పెట్టండి. గరపనేల, రాళ్లనేల ఏదైనా పర్లేదు, నీళ్లు నిలిస్తే మాత్రం చస్తుంది. రెండు మూడేళ్లలో ఒత్తుగా అల్లుకుంటుంది. ఏటా తలలు కత్తిరించండి, లేకపోతే చెట్టయి అడుగున పలచబడుతుంది.

గొడ్లు, మేకలు దీన్ని ముట్టవు. అడవిపందికి ఇది ఒక్కటే చాలదు, అడుగున దూరుతుంది. కానీ పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు కట్టి, ఆ తీగలకే మన మనుషులు బలైపోవడం చూస్తూనే ఉన్నాం. జెముడు కంచె అర్ధరాత్రి పొలానికి వెళ్లిన ఎవరి ప్రాణమూ తీయదు.

అసలు భయం పాలతోనే. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కోసేటప్పుడు కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు. పొరపాటున పడితే ఆముదం, చనుబాలు అంటూ ఏవీ పోయకండి. శుభ్రమైన నీళ్లతో కనీసం పావుగంట కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పోండి. కోసిన కాడలు చెరువులో వేయొద్దు, చేపలు చస్తాయి. నాటు వైద్యమని ఆ పాలు లోపలికి అసలే తీసుకోవద్దు.

సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ వచ్చాక ఈ కంచెలు తవ్వి పారేస్తున్నాం. తీగ తుప్పు పడుతుంది, మళ్లీ కొనాలి. కాడజెముడుకు ఖర్చు మన రెక్కల కష్టమే. ఒక్క గట్టు మీదైనా ఉంచండి.

మీ వైపు దీన్ని ఏ పేరుతో పిలుస్తారో కామెంట్లో రాయండి.