ఆకర్షణ, సన్నిహిత సంబంధాలు

ఒక మనిషికి మరొకరిపై ఇష్టం ఎందుకు కలుగుతుంది, అది స్నేహంగానో ప్రేమగానో దాంపత్యంగానో ఎలా కుదురుకుంటుంది అన్నవి సామాజిక మనస్తత్వశాస్త్రంలో ముఖ్యమైన ప్రశ్నలు. అందచందాలు, గుణగణాల మాట అలా ఉంచితే, అసలు ఎవరికి ఎవరు తారసపడతారన్నదే చాలా సంగతులను తేల్చేస్తుంది. పరిశ్రమలు, వలసలతో రూపు మారిన సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు ప్రాంతానికి ఈ విషయం బాగా వర్తిస్తుంది.

సామీప్యం

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకునే దంపతుల నివాసాలపై లియాన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ చేసిన అధ్యయనం 1950లో వెలువడింది. పక్కింటివారితో దగ్గరి స్నేహం ఏర్పడిన సందర్భాలు 41 శాతం ఉంటే, అదే అంతస్తులో వరుసకు రెండు చివర్ల ఉన్నవారి మధ్య 10 శాతమే. కింది అంతస్తులో మెట్ల పక్కన ఉన్నవారికి పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువ. పదేపదే కంటబడినదానిపై ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జయాన్స్ ప్రయోగాలతో చూపించారు. అయితే మొదటి చూపులోనే గిట్టనివారు రోజూ ఎదురైతే ఆ అయిష్టమే ముదరవచ్చు. అభిప్రాయాలు కలిసేవారి వైపు మనసు మొగ్గుతుందని డాన్ బర్న్ నిరూపించారు.

పటాన్‌చెరు ప్రాంతం

పటాన్‌చెరు మండలంలోని లక్డారం క్వారీలు, రాతి క్రషర్లు ఉన్న ఊరు. చుట్టుపక్కల 1970ల నుంచి పరిశ్రమలు విస్తరించడంతో తెలంగాణ జిల్లాలవారితో పాటు బిహార్, ఒడిశా కార్మికులూ ఇక్కడికి చేరారు. ఇలాంటి చోట్ల అద్దె గదులు వరుసగా ఉంటాయి. వరండా ఒకటే, నల్లా ఒకటే. బిందె నిండేదాకా నిలబడే ఆ కాసేపట్లోనే పలకరింపులు మొదలవుతాయి. సొంత ఊళ్లో ఒకరి వాకిట్లోకి ఒకరు వెళ్లని కులాలవారు ఇక్కడ గోడ పక్క గోడగా బతుకుతారు. పరిచయాల పరిధి పెరిగితే ఇష్టాల పరిధీ పెరుగుతుంది.

మేనరికం

తెలుగువారిలో బావామరదళ్ల పెళ్లి పాత ఆచారం. చిన్నప్పుడు ఒకే ఇంట్లో కలిసి పెరిగినవారి మధ్య లైంగికాకర్షణ అరుదని 1891లో ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ ప్రతిపాదించారు. మేనబావ సాధారణంగా వేరే ఇంట్లో పెరిగి, పండక్కో పెళ్లికో కలుస్తాడు కాబట్టి మేనరికం ఈ సూత్రానికి అడ్డురాదు. ఆచారం ఉన్నచోట 1955 హిందూ వివాహ చట్టం దీనిని అనుమతిస్తుంది. అయితే దగ్గరి రక్తసంబంధం వల్ల పిల్లలకు కొన్ని జన్యువ్యాధుల ముప్పు పెరుగుతుంది.

ప్రేమ పెళ్లి, పెద్దలు కుదిర్చిన పెళ్లి

1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో 50 జంటలను పరిశీలించారు. ప్రేమ పెళ్లిళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ ప్రేమ తగ్గినట్టు, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో పెరిగినట్టు తేలింది. నమూనా చిన్నది కాబట్టి దీన్ని అందరికీ అన్వయించలేం. 2005లో జేన్ మయర్స్ బృందం భారత్‌లో పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లను, అమెరికాలో సొంతంగా ఎంచుకున్న పెళ్లిళ్లను పోల్చినప్పుడు దాంపత్య సంతృప్తిలో తేడా కనిపించలేదు.

బంధం నిలిచే తీరు

మనసు విప్పి చెప్పుకోవడం, అవతలివారు దాన్ని అర్థం చేసుకుని ఆదరంగా స్పందించడం సాన్నిహిత్యానికి మూలమని 1988లో హ్యారీ రీస్, ఫిలిప్ షేవర్ సూత్రీకరించారు. భార్యను ఊళ్లో వదిలి వచ్చిన కార్మికుడికి షిఫ్టు అయ్యాక చేసే ఫోనే దాంపత్యం. "తిన్నవా?" అని అడిగి, జవాబు పూర్తిగా వినడంలోనే ఆ స్పందన ఉంది. దూరం బంధాన్ని పరీక్షిస్తుంది, పట్టించుకోకపోవడం తెంచేస్తుంది.

చట్టం

పరిచయం కులం హద్దు దాటినప్పుడు బెదిరింపులు, హత్యలు జరగడం తెలుగు నేలపై నేటికీ మానని గాయం. ఇద్దరు వయోజనులు పరస్పరం ఇష్టపడి పెళ్లి చేసుకోదలిస్తే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని శక్తివాహిని అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.