శ్వాసయంత్రముపై జీవించు బిడ్డల తరలింపు - పూర్వచరిత్ర

పోలియో వ్యాధిచే శ్వాసకండరములు స్తంభించిన రోగులను బ్రతికించుటకై 1928లో అమెరికాలో డ్రింకర్, షా అను శాస్త్రజ్ఞులు ఒక లోహపు పెట్టెను నిర్మించిరి. రోగి తల మాత్రమే వెలుపల నుండును. పెట్టెలో గాలి ఒత్తిడి తగ్గినపుడు రొమ్ము విచ్చుకొనును, హెచ్చినపుడు అణగును. ఈ 'ఇనుప ఊపిరితిత్తి'ని ఆ యేడే బోస్టన్ బాలల ఆసుపత్రిలో ఎనిమిదేండ్ల బాలికకు మొదట నుపయోగించిరి.

పెట్టెలోని రోగిని వేరొక చోటికి చేర్చుట యెట్లు? 1936లో చైనాలో పోలియో సోకిన ఫ్రెడరిక్ స్నైట్ అను అమెరికన్ యువకుని, మరుసటి సంవత్సరము పెట్టెతో సహా రైళ్లపైనను, ఓడపైనను షికాగోకు తెచ్చిరి. వైద్యులు, దాదులు వెంట నుండిరి. తండ్రి సంపన్నుడగుటచే అది సాగినది. బీదబిడ్డకు అట్టి యాత్ర ఊహకైన నందదు.

1952లో డెన్మార్కున ఈ వ్యాధి విజృంభించెను. కోపెన్‌హాగన్‌లోని బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఒక్కొక్కనాడు ఏబదిమంది వరకు రోగులు వచ్చిరి. వారిలో పిల్లలు పెక్కురు. అచట ఇనుప ఊపిరితిత్తి ఒక్కటియు, రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములు ఆరును మాత్రమే యుండెను. తొలి మూడు వారములలో తీవ్రముగా సోకిన 31 మందిలో 27 మంది మరణించిరి. ఆగస్టు 27న ఇబ్సెన్ అను మత్తువైద్యుడు, మరణము సమీపించిన పండ్రెండేండ్ల బాలికకు కంఠమున రంధ్రము చేయించి, గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో నొత్తుచు ఊపిరి పోసెను. ఆమె బ్రతికెను. పిమ్మట సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా 1,65,000 గంటలపాటు సంచుల నొత్తిరి. నూటికి ఎనుబదికి మించిన మరణములు నలుబదికి దిగెను.

ఈ కథలో విద్యార్థుల త్యాగమునే అందరును కొనియాడుదురు, అది యుక్తమే. తరలింపు చరిత్రలో మాత్రము సంచియే ముఖ్యము. దానితో ఊపిరి మంచమును విడిచి కదలగలిగెను. 1956లో హెస్సే, రూబెన్ అనువారు తనంతట తానే ఉబ్బు సంచిని వెలువరించిరి. అది ప్రాణవాయువు సీసా లేకున్నను పనిచేయును. శ్లేష్మము గొట్టమున కడ్డుపడినచో సంచి బిగుసుకొని ఒత్తువాని చేతికి తెలియును.

1981లో కేటీ బెకెట్ అను అమెరికన్ బాలిక ప్రభుత్వ నిబంధనల మూలమున ఆసుపత్రిలోనే నిలిచిపోవుట చర్చకు వచ్చెను. మరుసటి యేడు చట్టము సడలినది. నేడు అట్టి బిడ్డలు ఇంటనో, దీర్ఘసంరక్షణ గృహములలోనో పెరుగుచున్నారు. జ్వరమో, న్యుమోనియాయో వచ్చినపుడు తిరిగి ఆసుపత్రికి చేరవలెను. అప్పుడు సంచి, శ్లేష్మము తీయు సాధనము, అదే కొలత గొట్టమొకటి, దానికన్న చిన్నదొకటి వెంట నుండవలెను. త్రోవలో బిడ్డ నీలివర్ణము దాల్చినచో, యంత్రమును తొలగించి సంచితో ఊపిరి నీయవలెను. అప్పటికిని తేరుకొననిచో లోపము గొట్టమున నున్నదో, బిడ్డయం దున్నదో వెంటనే చూడవలెను.

వస్తువులకన్న కొరవడునది మనిషి. గొట్టము ప్రక్కనుండి కొంత గాలి పోవుట ఆ బిడ్డకు మామూలే కావచ్చును. ఆసుపత్రి యంత్రము దానిని ప్రమాదముగా నెంచి గంట మ్రోగించును. బిడ్డ నిత్యస్థితి కాగితముపై కొంతయే తెలియును. కంఠమున గొట్టము గల పిల్లలలో పెక్కురకు మాట పెగలదు. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో తెలుగు బిడ్డ కనురెప్ప యాడించినచో, అది నొప్పియో, దాహమో, ఊపిరాడకపోవుటయో ఎరిగినవారు రోజూ గొట్టము శుభ్రము చేయు తల్లియో, ఆయాయో. వారిని అంబులెన్సు నెక్కనీయకుండుట పలుచోట్ల జరుగుచున్నది.