యూటా విద్యార్థులు కొలిచిన కారు

1972లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో యూటా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును గజంబద్దలతో కొలిచారు. ఆ కారు వాళ్ల గురువు ఐవాన్ సదర్లాండ్ భార్యది. నిజమైన వస్తువు ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని ఒక తరగతి మొత్తం ఉమ్మడిగా తలకెత్తుకున్న తొలినాటి ఉదాహరణల్లో అది ముఖ్యమైనది. త్రీడీ మోడలింగ్ చరిత్ర అనగానే టీపాట్ బొమ్మ పేరే ముందు వినిపిస్తుంది కానీ, జట్టుగా పనిచేయడం ఎలా మొదలైందో తెలియాలంటే ఈ కారునే చూడాలి.

యూటాలో కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని 1965లో డేవిడ్ ఎవాన్స్ ప్రారంభించారు. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ నిధులిచ్చింది. ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రామ్‌ను 1963లో రూపొందించిన సదర్లాండ్ 1968లో ఇక్కడికి వచ్చారు. అప్పటికి తెర మీద వస్తువులను తీగలతో అల్లినట్టు గీతల్లో చూపించడం సాధ్యమైంది. గట్టి వస్తువులా, వెలుగునీడలతో కనిపించేలా చూపించడమే కష్టం. ముందున్న భాగం కనబడాలి, వెనకున్నది దాగాలి, వంపు నునుపుగా ఉండాలి. 1971లో ఫ్రెంచి విద్యార్థి ఆన్రి గూరో వంపులను నునుపుగా చూపే షేడింగ్ పద్ధతి కనిపెట్టారు. దాన్ని పరీక్షించడానికి తన భార్య ముఖం మీద గీతలు గీసి, ఫొటోలు తీసి, వాటి నుంచి కొలతలు రాబట్టారు.

కారు ఎంపిక వెనుక మంచి ఆలోచనే ఉంది. బీటిల్‌ను చూడగానే ఎవరైనా గుర్తుపడతారు, కాబట్టి బొమ్మ సరిగ్గా రాకపోతే వెంటనే తెలిసిపోతుంది. పైకప్పు, మడ్‌గార్డులు, ముందు మూత అన్నీ వంపులే. పైగా పలువురు చుట్టూ చేరి ఒకేసారి పనిచేయగలిగినంత పెద్ద వస్తువు. విద్యార్థులు కారు ఒంటి మీద బిందువులు పెట్టి, వాటిని కలుపుతూ గీతలు గీశారు. ఉపరితలం అంతా చిన్న చిన్న బహుభుజులుగా విడిపోయింది. ఆపైన ఒక్కో బిందువు పొడవు, వెడల్పు, ఎత్తు దిశల్లో ఎక్కడుందో బద్దలతో కొలిచి రాసుకున్నారు.

ఇలాంటి పనిలో చివరికి తయారయ్యేవి రెండు పట్టికలు. మొదటిదాంట్లో ప్రతి బిందువుకూ ఒక నంబరు, మూడు కొలతలు ఉంటాయి. రెండోదాంట్లో ఏ బహుభుజి ఏయే నంబర్లను ఏ వరుసలో కలుపుతుందో ఉంటుంది. వరుస తిరగబడితే ఆ పలకకు లోపలేదో, బయటేదో యంత్రానికి తెలియదు. ఒక్క కొలత తప్పు పడితే మడ్‌గార్డు మీద ముల్లు లేస్తుంది. పక్కపక్క భాగాలు కొలిచిన ఇద్దరూ సరిహద్దు గీత మీద ఒకే బిందువులను వాడకపోతే అక్కడ చీలిక కనబడుతుంది. అందుకే నంబర్లు ఎలా వేయాలి, కొలత ఎక్కడి నుంచి మొదలవ్వాలి అన్నది జట్టంతా ముందే ఒప్పుకోక తప్పదు. మోడలింగ్‌లో సమష్టి క్రమశిక్షణ ఈ అవసరం నుంచే పుట్టింది. ఈనాటి విద్యార్థులు బ్లెండర్ నుంచి ఎగుమతి చేసే ఓబీజే ఫైలులోనూ ప్రధానంగా ఉండేవి ఈ రెండు పట్టికలే.

ఆ విద్యార్థుల్లో హనోయ్‌లో పుట్టిన బుయి తువాంగ్ ఫాంగ్ ఒకరు. గూరో పద్ధతి బహుభుజి మూలల్లో వెలుగును లెక్కగట్టి మధ్యలో సర్దుతుంది. దానివల్ల మెరుపు మచ్చలు చెదిరిపోయేవి. ఫాంగ్ ఉపరితలం ఎటు తిరిగి ఉందన్న దిశను సర్దుతూ, ప్రతి చుక్క దగ్గరా వెలుగును విడిగా లెక్కగట్టారు. 1973లో సిద్ధాంత వ్యాసం సమర్పించిన ఆయన 1975లోనే, చాలా చిన్న వయసులో కన్నుమూశారు. మెరిసే వస్తువులకు ఆయన ఇచ్చిన సూత్రం అర్ధశతాబ్దం తర్వాత కూడా పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోనే ఉంది.

కారును కొలిచిన 1972లోనే కదలిక కూడా తోడైంది. ఎడ్ కాట్మల్ తన ఎడమ చేతికి అచ్చు తీసి, ఆ నమూనా మీద సిరాతో సుమారు 350 త్రిభుజాలు, బహుభుజులు గీసి, వాటి కొలతలను కంప్యూటర్‌కు అందించారు. వేళ్లు ముడిచి విప్పేలా కదిలించడానికి కావలసిన ప్రోగ్రామ్ కూడా ఆయనే రాసుకున్నారు. తోటి విద్యార్థి ఫ్రెడ్ పార్క్ మాట్లాడే మనిషి ముఖానికి రూపమిచ్చారు. బొమ్మను నిలబెట్టి ఉంచే జ్ఞాపకశక్తి యంత్రానికి లేదు. తెర మీద బొమ్మ పూర్తయ్యేదాకా కెమెరా కన్ను తెరిచి ఉంచి, ఒక్కో ఫ్రేమునూ ఫిల్మ్ మీదికి ఎక్కించారు. ఆ చెయ్యి, ముఖం 1976లో వచ్చిన 'ఫ్యూచర్‌వరల్డ్' సినిమాలో కనిపించాయి. చేతి చిత్రాన్ని 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు.

1975లో యూటాలోనే మార్టిన్ న్యూవెల్ గ్రాఫ్ కాగితం మీద టీపాట్ గీసుకుని, వక్రతలాలతో దాని నమూనా తయారుచేశారు. అది ఒక్కరి పని, కొద్దిపాటి అంకెలతో ముగిసింది. ఎవరైనా సులువుగా తెచ్చుకుని వాడుకోగలిగారు కాబట్టే అంతగా వ్యాపించింది.

తర్వాతి కాలంలో పనులు వేరుపడ్డాయి. మోడలింగ్, టెక్స్చరింగ్, రిగ్గింగ్, లైటింగ్, రెండరింగ్ దేనికదే ఒక వృత్తి అయింది. ఈనాటి విద్యార్థి జట్లు వాటిని తలా ఒకటి పంచుకుంటాయి. యూటాలో కొలిచినవాళ్లే ప్రోగ్రామ్ రాసేవాళ్లు, షేడింగ్ సూత్రం కనిపెట్టేవాళ్లు. యూటాలోనే 1974లో డాక్టరేట్ పూర్తిచేసిన జిమ్ క్లార్క్ తర్వాత సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థను స్థాపించారు. కాట్మల్ 1986లో పిక్సార్ స్థాపకుల్లో ఒకరయ్యారు. పూర్తిగా కంప్యూటర్‌తో తయారైన తొలి పూర్తి నిడివి చిత్రం 'టాయ్ స్టోరీ'ని పిక్సార్ తీసింది, అది 1995లో విడుదలైంది. త్రీడీ గ్రాఫిక్స్‌కు చేసిన కృషికి కాట్మల్, ప్యాట్ హాన్రహాన్ ఇద్దరికీ 2019 ట్యూరింగ్ పురస్కారం దక్కింది.